తగ్గని మచ్చలు, దురద లేని దద్దుర్లు: సిఫిలిస్ అవునో కాదో తేల్చుకోవడం ఎలా?

చర్మవైద్యం చేసేవాణ్ణి కాబట్టి నాకు తరచూ ఒకటే ప్రశ్న ఎదురవుతుంది, మాటలే మారతాయి. “ఒళ్ళంతా మచ్చలొచ్చాయి, దురద లేదు, ఏ క్రీమ్ రాసినా పోవట్లేదు.” “అరచేతుల్లో పొట్టు రాలుతోంది, సోరియాసిస్ అన్నారు, మూడు నెలలైంది.” “వీడీఆర్‌ఎల్ (సిఫిలిస్‌కు చేసే రక్తపరీక్ష) నెగెటివ్ వచ్చింది కదా, ఇక టెన్షన్ లేనట్టేనా?” ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం వరుసగా రాసేస్తున్నాను.

ఈ ప్రశ్నల వెనక ఉండే అవకాశమున్న జబ్బు సిఫిలిస్, ముఖ్యంగా లైంగిక సంపర్కంతో సోకేది. మన పెద్దవాళ్ళు దీన్ని సవాయి అనేవారు. మాట మరుగున పడింది గానీ జబ్బు మరుగున పడలేదు. 2022లో ప్రపంచం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళలో సుమారు 80 లక్షల మందికి ఇది కొత్తగా సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. దీనితో అసలు చిక్కేమిటంటే, చర్మం మీద దీనికంటూ ఒక సొంత రూపం లేదు. తామరలా, సోరియాసిస్‌లా, పులిపిరిలా, బొల్లిలా, పేనుకొరుకుడులా ఏ వేషమైనా వేస్తుంది. కంటితో చూసి “అవును”, “కాదు” అనేవాళ్ళను నమ్మకండి, నాతో సహా. నేను పాటించే సూత్రం చిన్నది: ఒక మచ్చకు పెట్టిన పేరుకు తగిన మందు సరిగ్గా వాడినా అది లొంగకపోతే, మందు మార్చే ముందు పేరు సరైనదేనా అని చూడాలి.

ఇది చదివి ఎవరికి వారు ఇంజెక్షన్ చేయించుకోమని కాదు. డాక్టరు దగ్గరికి సరైన వివరాలతో వెళ్ళడానికి, సరైన పరీక్ష అడగడానికి, వచ్చిన రిపోర్టును అర్థం చేసుకోవడానికి ఇది పనికొస్తుంది.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- తేదీలు రాసిన చిన్న కాగితం. మొదటి మచ్చ ఎప్పుడు కనిపించింది, ఎక్కడ మొదలైంది, గత ఆరు నెలల్లో మర్మాంగాల దగ్గరో నోట్లోనో పుండు వచ్చి దానంతటదే మానిందా.
- పగటి వెలుతురులో తీసిన ఫొటోలు. ఫ్లాష్ వద్దు, అది రంగును చంపేస్తుంది. మచ్చలు డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపే మాయమైపోవచ్చు, అప్పుడు ఫొటోలే సాక్ష్యం.
- ఇప్పటిదాకా వాడిన మందుల పేర్లు. యాంటీబయాటిక్స్, స్టెరాయిడ్ క్రీములు అసలు మర్చిపోవద్దు. పేరు తెలియకపోతే ఖాళీ ట్యూబు తీసుకెళ్ళండి.
- పాత రక్తపరీక్షల రిపోర్టులు. గర్భం సమయంలోనో, ఆపరేషన్‌కు ముందో, రక్తదానం చేసినప్పుడో చేసినవైనా సరే.
- గర్భం ఉందా, హెచ్‌ఐవీ ఉందా, పెన్సిలిన్ పడదా అన్న మూడు ప్రశ్నలకు జవాబులు.
- ఒక చేతి అద్దం, ఒక టార్చిలైటు.

1. ముందు అత్యవసరం ఏమైనా ఉందేమో చూసుకోండి

మచ్చలతో పాటు చూపు మసకబారడం, కన్ను ఎర్రబడి నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చెవుల్లో హోరు, ఉన్నట్టుండి వినికిడి తగ్గడం, తగ్గని తలనొప్పి, మెడ బిగుసుకోవడం, ముఖం ఒకవైపు వంకర పోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మిగతా మెట్లన్నీ పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. సిఫిలిస్ కంటికీ చెవికీ నరాలకూ పాకడానికి ఏళ్ళు పడుతుందని చాలామంది అనుకుంటారు. మొదటి నెలల్లోనే పాకొచ్చు. అలా పాకితే చికిత్స వేరు, మామూలు ఇంజెక్షన్ సరిపోదు.

గర్భిణి అయితే ఏ లక్షణమూ లేకున్నా పరీక్ష వాయిదా వేయొద్దు. బిడ్డకు సోకుతుంది.

2. తేదీలు లెక్కేయండి

సోకిన తర్వాత మొదటి పుండు రావడానికి సగటున మూడు వారాలు పడుతుంది. పది రోజులకే రావచ్చు, తొంభై రోజులకూ రావచ్చు. అది సాధారణంగా నొప్పి లేకుండా, అంచులు గట్టిగా, అడుగు శుభ్రంగా ఉంటుంది. ఏ మందూ వాడకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో మానిపోతుంది. చాలామందికి అది కనిపించే చోట రాదు. మలద్వారం లోపలో, గర్భాశయ ముఖద్వారం మీదో, గొంతులోనో వస్తే వచ్చినట్టే తెలియదు. కాబట్టి “నాకు పుండే రాలేదు, సిఫిలిస్ ఎలా వస్తుంది?” అన్న వాదన నిలబడదు.

ఒంటి మీద మచ్చలొచ్చేది రెండో దశలో, అంటే పుండు కనిపించిన కొన్ని వారాలకు. ఒక్కోసారి పుండు ఇంకా మానకముందే మొదలవుతాయి. ఈ మచ్చలు కూడా వాటంతటవే పోతాయి. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. అప్పటికి ఏ క్రీమ్ రాస్తుంటే ఆ క్రీముకు పేరొస్తుంది, జబ్బేమో ఒంట్లో నిద్రపోతూ ఉంటుంది. మొదటి ఏడాదిలో మచ్చలు మళ్ళీ తిరగబెట్టడమూ ఉంది.

3. తల నుంచి అరికాలి దాకా చూసుకోండి

తలుపు వేసుకుని, కిటికీ వెలుతురులో నిలబడి, అద్దం పట్టుకుని చూడండి. పుస్తకాల్లో “గులాబీ రంగు మచ్చలు” అని రాసి ఉంటుంది. చామనఛాయ, నల్లటి చర్మం మీద గులాబీ రంగు కనిపించదు. గోధుమ రంగులో, రాగి రంగులో, ఒక్కోసారి చుట్టూ ఉన్న చర్మం కంటే కాస్త నలుపుగా మాత్రమే ఉంటాయి. టార్చిని ఎదురుగా కాకుండా పక్క నుంచి వాలుగా వేస్తే ఉబ్బెత్తుగా ఉన్నవి తెలుస్తాయి.

అరచేతులు, అరికాళ్ళు. మొదట ఇక్కడే చూడండి. గుండ్రటి రాగి రంగు మచ్చలు, వాటి అంచు చుట్టూ సన్నటి పొలుసు గాజు తొడిగినట్టు ఉంటుంది. కొందరికి అరికాలి మీద గట్టిపడి అచ్చం ఆనెల్లా కనిపిస్తాయి. ఆనె సాధారణంగా ఒత్తిడి పడే చోట, నొక్కితే నొప్పిగా ఉంటుంది. ఒత్తిడి పడని అరికాలి మధ్య గుంటలో కూడా ‘ఆనెలు’ వస్తే అనుమానించాల్సిందే.

ముఖం. ముక్కు పక్కన, నోటి చుట్టూ, గడ్డం మీద ఉంగరాల్లాంటి మచ్చలు రావచ్చు. అంచు ఉబ్బెత్తుగా, మధ్య మామూలుగా ఉంటుంది. ముదురు రంగు చర్మంలో ఈ రూపం ఎక్కువ. చూడగానే తామర అనిపిస్తుంది. నేనూ పొరబడ్డాను. గడ్డం మీద ఉంగరాలతో వచ్చిన ఒకావిడకు రెండు వారాలు తామర మందు ఇచ్చాను. తగ్గలేదని ఆవిడ మళ్ళీ వచ్చినప్పుడు గానీ అరచేతులు చూపించమని అడగలేదు. అప్పటి నుంచి ముఖం మీద ఉంగరం కనిపిస్తే ముందు చేతులు చాపమంటాను. తామర అవునో కాదో తేల్చడం సులువే, పొలుసు గీకి మైక్రోస్కోపు కింద చూస్తే ఫంగస్ కనిపిస్తుంది. కనిపించకపోతే రక్తపరీక్షకు వెళ్ళడమే.

నోరు. పెదవుల మూలల్లో చీలిన చిన్న కాయలు, నాలుక మీద నున్నగా అరిగిపోయినట్టున్న మచ్చలు, లోపలి బుగ్గ మీద బూడిద రంగు పొర. నొప్పి ఉండకపోవచ్చు. నోటి పూత అనుకుని బీ కాంప్లెక్స్ మాత్రలు నెలల తరబడి మింగేవాళ్ళున్నారు. ఈ పుండ్లలో క్రిములు దండిగా ఉంటాయి, ముద్దుతో కూడా అంటుకోవచ్చు.

తల. చెదలు తిన్నట్టు అక్కడొకటి అక్కడొకటి చిన్న చిన్న పలచటి మచ్చలు. కనుబొమల బయటి చివర రాలిపోవడం కూడా ఉంది. పేనుకొరుకుడులో మచ్చ సాధారణంగా నున్నగా, గుండ్రంగా, హద్దు స్పష్టంగా ఉంటుంది. ఇందులో జుట్టు పూర్తిగా పోదు, హద్దు తెలియదు. జుట్టు రాలడం తప్ప మరే లక్షణమూ లేకుండా వచ్చినవాళ్ళూ ఉన్నారు.

మెడ. పక్కల్లో చిన్న చిన్న తెల్లటి చుక్కలు, హారం వేసుకున్నట్టు. బొల్లిలా పాలతెలుపు ఉండదు, కాస్త వెలిసినట్టు ఉంటుంది.

మర్మాంగాలు, మలద్వారం, చంకలు, కాలివేళ్ళ సందులు. తడిగా ఉండే చోట వెడల్పుగా, చదునుగా, బూడిద తెలుపు రంగులో ఉబ్బెత్తు బిళ్ళలు రావచ్చు. వీటిని పులిపిర్లనుకుని కాల్చేస్తారు, మొలలనుకుని మందులు రాస్తారు. మామూలు పులిపిరి గరుకుగా, కోడిజుట్టులా ఉంటుంది, ఇది నున్నగా, చెమ్మగా ఉంటుంది. కాల్చే ముందు రక్తపరీక్ష చేయించమని అడగండి, డాక్టరు ఏమీ అనుకోరు. ఒంటి మీది రూపాలన్నింటిలోకీ ఎక్కువగా అంటుకునేది ఇదే.

వీపు, ఛాతీ, చేతులు. ఇక్కడ వేషాలకు లెక్కలేదు. సోరియాసిస్‌లా వెండి పొలుసులతో రావచ్చు. పిటిరియాసిస్ రోజియా అనే చర్మవ్యాధిలా వీపు మీద బారులు తీరి రావచ్చు, అయితే ఆ జబ్బులో ముందుగా ఒక పెద్ద మచ్చ వస్తుంది, అరచేతులు మామూలుగా బాగుంటాయి. మధ్యలో ఒక పెద్ద కాయ, చుట్టూ చిన్న కాయలు పువ్వులా అమరి రావచ్చు. గట్టి గడ్డల్లా వచ్చి కుష్ఠు అనో, లింఫోమా (ఒక రకం కాన్సర్) అనో భయపెట్టవచ్చు.

పుండ్లు పడే రూపం. ఇది అరుదు, కానీ తెలిసి ఉండాలి. జ్వరం, నీరసంతో మొదలై ఒంటి మీద కాయలు చితికి లోతైన పుండ్లవుతాయి, పైన నల్లటి మందపాటి పక్కు ఆల్చిప్పలా పొరలు పొరలుగా పేరుకుంటుంది. లూయిస్ మాలిగ్నా అంటారు. పేరులో ‘మాలిగ్నా’ చూసి కాన్సర్ అనుకోకండి, కాన్సర్‌తో సంబంధం లేదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళలో ఎక్కువ, అందుకే ఇలాంటి పుండ్లుంటే హెచ్‌ఐవీ పరీక్ష కూడా అదే రోజు.

మొదటి పుండు కూడా వింత చోట్ల రావచ్చు. పెదవి మీద, చనుమొన మీద, టాన్సిల్ మీద, వేలి కొసన. వేలికి వస్తే గోరుచుట్టు అనుకుంటారు, అది నొప్పి కూడా పెడుతుంది. మలద్వారం దగ్గర వస్తే ఫిషర్ (చీలిక) లాగే నొప్పిగా ఉంటుంది. ఒకటే పుండు రావాలని రూలు లేదు, రెండు మూడు రావచ్చు.

చివరగా చర్మం కింద బిళ్ళలు (వాచిన లింఫు గ్రంథులు) ఉన్నాయేమో తడిమి చూడండి. మెడలో, చంకల్లో, గజ్జల్లో, మోచేతికి కాస్త పైన లోపలి వైపు. మోచేతి దగ్గర రెండు వైపులా నొప్పి లేని చిన్న బిళ్ళలు తగిలితే కాగితం మీద రాసుకోండి, డాక్టరుకు అది మంచి ఆధారం.

ఈ మెట్టులో జరిగే పెద్ద తప్పు ‘దురద’ను నమ్మడం. దురద లేకపోతే సిఫిలిస్, ఉంటే కాదు అని చాలామంది నమ్మకం. కొందరికి దురద బాగానే ఉంటుంది. ఒక్క విషయం మాత్రం కాస్త ధైర్యంగా చెప్పొచ్చు: పెద్దవాళ్ళలో నీటి బొబ్బలతో సిఫిలిస్ రావడం చాలా చాలా అరుదు. పుట్టిన బిడ్డకు అరచేతుల్లో, అరికాళ్ళలో బొబ్బలొస్తే మాత్రం దాన్ని తప్పకుండా అనుమానించాలి.

4. పరీక్ష అయ్యేదాకా ఇవి ఆపండి

స్టెరాయిడ్ క్రీము మచ్చల రూపాన్ని మార్చేస్తుంది. ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలు నాలుగు రోజులు మింగితే జబ్బు పోదు, కానీ పుండు తొందరగా మాని ఆధారం చెదిరిపోతుంది. పుండు మీద యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ రాస్తే అక్కడి నుంచి తీసిన నీటిలో క్రిమి దొరకదు. వేరే జబ్బుకు డాక్టరు రాసిన మందులు మాత్రం ఆపొద్దు, వాటి పేర్లు చెబితే చాలు.

సంపర్కం కూడా ఆపండి. కండోమ్ కప్పని చోట పుండు ఉంటే కండోమ్ కాపాడదు. ఇంట్లో కంచాలు, బాత్రూమ్ సీటు గురించి మాత్రం బెంగ పడొద్దు, అలా అంటుకోదు.

5. రెండు రకాల రక్తపరీక్షలూ అడగండి

ఒకటి చాలదు. ఎందుకో రెండు ముక్కల్లో చెబుతాను.

మొదటి రకం వీడీఆర్‌ఎల్ లేదా ఆర్‌పీఆర్. ఇవి క్రిమిని నేరుగా పట్టవు. జబ్బు వల్ల ఒంట్లో ఒక కొవ్వు పదార్థానికి వ్యతిరేకంగా పుట్టే యాంటీబాడీలను పడతాయి. అందుకే వేరే కారణాలతోనూ పాజిటివ్ రావచ్చు. కానీ జబ్బు ఎంత చురుగ్గా ఉందో అంకెల్లో చెప్పేవి ఇవే.

రెండో రకం టీపీహెచ్‌ఏ, టీపీపీఏ, ఎఫ్‌టీఏ-ఏబీఎస్, సీఎల్‌ఐఏ లాంటివి. ఇవి ఆ క్రిమికే వ్యతిరేకంగా పుట్టిన యాంటీబాడీలను పడతాయి. ఒకసారి పాజిటివ్ అయితే చికిత్స తర్వాత కూడా చాలామందికి జీవితాంతం అలాగే ఉంటుంది.

ల్యాబ్ ఏది ముందు చేసినా ఫరవాలేదు, మిగిలిన రకంతో నిర్ధారించాలి. వీడీఆర్‌ఎల్ లేదా ఆర్‌పీఆర్ పాజిటివ్ అయితే టైటర్ కూడా రాయమనండి. అంటే నమూనాను ఎన్ని రెట్లు పలచన చేసినా పాజిటివ్‌గానే వస్తుందో చెప్పే 1:8, 1:32 లాంటి అంకె. ఉత్త ‘రియాక్టివ్’ అని రాసిచ్చిన రిపోర్టు సగం రిపోర్టే, ఆరు నెలల తర్వాత దేనితో పోల్చుకుంటారు? హెచ్‌ఐవీ పరీక్ష కూడా అదే రక్తంతో చేయించుకోండి.

పెద్ద ల్యాబ్ అందుబాటులో లేకపోతే వేలి చుక్కతో చేసే కిట్లున్నాయి, పావుగంట, ఇరవై నిమిషాల్లో ఫలితం వస్తుంది. అవి ఎక్కువగా రెండో రకానివి. పాజిటివ్ వస్తే ఎప్పుడో ఒకప్పుడు సోకిందని అర్థం, ఇప్పుడు చురుగ్గా ఉందో లేదో అది చెప్పదు.

తడి పుండు ఉంటే ఇంకో దారి ఉంది. దాని నుంచి ఊరే నీటిని డార్క్ గ్రౌండ్ మైక్రోస్కోపు కింద చూస్తే మరచుట్టు ఆకారంలో కదిలే క్రిమి కనిపిస్తుంది. పీసీఆర్ చేసే ల్యాబులూ ఉన్నాయి. నోటి పుండుకు మాత్రం డార్క్ గ్రౌండ్ పనికిరాదు, నోట్లో మామూలుగానే ఉండే క్రిములు దీని అన్నదమ్ముల్లాంటివి, పోలిక పట్టలేం. ఇక “చీము కల్చర్‌కు పంపితే ఏమీ రాలేదు” అన్నదాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఈ క్రిమి మామూలు కల్చర్‌లో పెరగదు.

6. రిపోర్టు చదవండి

ఇక్కడ తొందరపడొద్దు. నేను చూసిన గందరగోళంలో సగం ఈ కాగితం దగ్గరే మొదలవుతుంది.

రెండూ పాజిటివ్: సిఫిలిస్ ఉంది, లేదా గతంలో వచ్చి చికిత్స అయ్యింది. గతంలో చికిత్స చేయించుకోలేదంటే ఇప్పుడు చేయాల్సిందే. ఒంటి నిండా మచ్చలున్న రెండో దశలో టైటర్ సాధారణంగా ఎక్కువగానే ఉంటుంది. మచ్చలు విపరీతంగా ఉండి టైటర్ 1:1, 1:2 దగ్గరే ఉంటే, ఆ మచ్చలకు కారణం ఇంకేదైనా అయి ఉండొచ్చని కూడా డాక్టరు ఆలోచించాలి.

వీడీఆర్‌ఎల్ పాజిటివ్, టీపీహెచ్‌ఏ నెగెటివ్: చాలాసార్లు ఇది ఉత్తుత్తి పాజిటివ్. గర్భం, లూపస్ లాంటి జబ్బులు, కొన్ని వైరల్ జ్వరాలు, మలేరియా, కుష్ఠు, క్షయ, ముసలితనం, ఇవన్నీ ఇలా చూపిస్తాయి. టైటర్ సాధారణంగా తక్కువగా ఉంటుంది. ఈ కాగితం చూసి ఇంట్లో గొడవలు పెట్టుకున్నవాళ్ళున్నారు. రెండో పరీక్ష రాకముందు ఎవరినీ అనుమానించకండి.

వీడీఆర్‌ఎల్ నెగెటివ్, టీపీహెచ్‌ఏ పాజిటివ్: ఎప్పుడో చికిత్స అయిన పాత జబ్బు కావచ్చు, చికిత్స లేకుండా ఏళ్ళుగా దాగినది కావచ్చు, ఇప్పుడిప్పుడే మొదలవుతున్నది కావచ్చు. రెండో రకంలోనే వేరే పేరున్న ఇంకో పరీక్షతో సరిచూస్తారు.

రెండూ నెగెటివ్: మొదటి పుండు కొత్తగా ఉన్న రోజుల్లో అయితే ఈ ఫలితానికి విలువ తక్కువ. యాంటీబాడీలు తయారవడానికి సమయం పడుతుంది. రెండు నుంచి నాలుగు వారాలకు మళ్ళీ చేయించాలి. పుండు లేదు, అనుమానాస్పద సంపర్కం మాత్రమే జరిగిందంటే ఆరు వారాలకు ఒకసారి, పన్నెండు వారాలకు ఒకసారి చూడాలి.

మరి ఒళ్ళంతా మచ్చలుండగా వీడీఆర్‌ఎల్ నెగెటివ్ వస్తే? మొదట్లో చెప్పిన మూడో ప్రశ్నకు జవాబు ఇదే. ఒక్కోసారి రక్తంలో యాంటీబాడీలు మరీ ఎక్కువైపోయి, పరీక్షలో గుంపులు కట్టాల్సినవి కట్టలేక నెగెటివ్‌గా కనిపిస్తుంది. దీన్ని ప్రోజోన్ అంటారు. విచిత్రం ఏమిటంటే జబ్బు బాగా చురుగ్గా ఉన్నప్పుడే ఇది ఎక్కువగా జరుగుతుంది, గర్భిణుల్లో, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళలో ఇంకొంచెం ఎక్కువ. పరిష్కారం చాలా సులువు. “సీరమ్‌ను (రక్తంలోంచి వేరుచేసిన ద్రవాన్ని) పలచన చేసి మళ్ళీ చూడండి, ప్రోజోన్ అనుమానం ఉంది” అని డాక్టరు ల్యాబుకు ఒక్క మాట చెబితే చాలు. కొత్తగా రక్తం కూడా అక్కర్లేదు, అదే నమూనా సరిపోతుంది. పలచన చేసినా నెగెటివ్, టీపీహెచ్‌ఏ కూడా నెగెటివ్ అయితే, ఒళ్ళంతా ఉన్న ఆ మచ్చలు దాదాపుగా సిఫిలిస్ కాదు. ఇక అసలు జబ్బేమిటో వెతకాలి.

7. అవసరమైతే బయాప్సీ

అందరికీ అక్కర్లేదు. గడ్డల్లా వచ్చినా, లోతైన పుండ్లు పడినా, రక్తపరీక్షకూ కంటికి కనిపించేదానికీ పొత్తు కుదరకపోయినా చిన్న ముక్క తీసి చూస్తారు. పాథాలజిస్టుకు పంపే ఫారం మీద “సిఫిలిస్ అనుమానం” అని రాసి ఉందో లేదో ఒకసారి అడగండి. రాయకపోతే ప్రత్యేకమైన రంగులు వేసి చూడరు. ఈ జబ్బు మైక్రోస్కోపు కింద కూడా సోరియాసిస్‌లా, లైకెన్ ప్లానస్ అనే చర్మవ్యాధిలా వేషం వేస్తుంది. ప్లాస్మా కణాలు (యాంటీబాడీలు తయారుచేసేవి) ఎక్కువగా కనిపిస్తే అనుమానం బలపడుతుంది, కనిపించనంత మాత్రాన కొట్టిపారేయలేం. వెండి రంగు వేసే పాత పద్ధతి కంటే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ (యాంటీబాడీలతో గుర్తుపట్టే పద్ధతి) క్రిమిని బాగా పడుతుంది.

8. చికిత్స గురించి క్లుప్తంగా

మొదటి, రెండో దశలకు బెంజాథిన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, ఒక్కసారే, కండరంలోకి. చాలాసార్లు సగం ఒక పిర్రకు, సగం ఇంకో పిర్రకు ఇస్తారు. ఏడాది దాటిన జబ్బుకు, లేదా ఎప్పటిదో తెలియనిదానికి వారానికి ఒకటి చొప్పున మూడు వారాలు. పేరులో ‘బెంజాథిన్’ ఉందో లేదో చూసుకోండి. పెన్సిలిన్‌లో రకాలున్నాయి, కొన్ని గంటల్లో ఒంట్లోంచి వెళ్ళిపోయే రకం దీనికి బదులు కాదు. పెన్సిలిన్ పడనివాళ్ళకు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, 14 రోజులు (దాగి ఉన్న పాత జబ్బుకు 28 రోజులు). గర్భిణికి ఈ మార్గం లేదు. ఆమెకు పెన్సిలినే ఇవ్వాలి, పడకపోతే ఆసుపత్రిలో ఉంచి కొంచెం కొంచెంగా అలవాటు చేసి ఇస్తారు. అజిత్రోమైసిన్‌తో సరిపెట్టుకోవద్దు, చాలాచోట్ల క్రిమి దానికి లొంగడం మానేసింది.

ఇంజెక్షన్ వేసిన మొదటి 24 గంటల్లో చలి జ్వరం రావచ్చు, మచ్చలు ఇంకా ఎర్రగా లేవొచ్చు. మందు పడలేదని బెదిరిపోయి రెండోసారి వెళ్ళనివాళ్ళున్నారు. చచ్చే క్రిముల వల్ల వచ్చే జ్వరం అది, ఒక రోజులో తగ్గుతుంది, పారాసెటమాల్ చాలు. ఊపిరాడకపోవడం, పెదవులు వాయడం, ఒళ్ళంతా దురదతో దద్దుర్లు లేవడం మాత్రం వేరు, అది అలర్జీ. వెంటనే చూపించాలి. గర్భిణికి ఈ జ్వరంతో పాటు కడుపు నొప్పి వచ్చినా, బిడ్డ కదలికలు తగ్గినా వెంటనే వెళ్ళాలి.

భాగస్వామికి చెప్పడం కష్టమే. కానీ చెప్పకపోతే మీకు నయమైనా మళ్ళీ అదే చోటు నుంచి వస్తుంది, ఒకసారి వస్తే మళ్ళీ రాకుండా ఉండే జబ్బు కాదిది. గత 90 రోజుల్లో సంపర్కం ఉన్న భాగస్వామికి పరీక్ష నెగెటివ్ వచ్చినా చికిత్స ఇవ్వడమే పద్ధతి. అంతకు ముందటి వాళ్ళకు పరీక్ష చేసి, ఫలితాన్ని బట్టి.

9. నయమైందో లేదో ఇలా చూసుకోండి

మచ్చలు పోవడం గుర్తు కాదు, అవి ఎలాగూ పోతాయి. నల్ల మచ్చ నెలల తరబడి మిగిలినా జబ్బు మిగిలినట్టు కాదు. చూడాల్సింది టైటర్.

టైటర్ మెట్లు ఇలా ఉంటాయి: 1:1, 1:2, 1:4, 1:8, 1:16, 1:32, 1:64. కనీసం రెండు మెట్లు దిగితేనే తగ్గినట్టు. 1:32 నుంచి 1:8కి వస్తే చికిత్స పనిచేసింది. 1:32 నుంచి 1:16కి వస్తే దాన్ని పెద్దగా పట్టించుకోరు, ఒకే రక్తాన్ని రెండుసార్లు చూసినా అంత తేడా రావచ్చు. తగ్గాక మళ్ళీ రెండు మెట్లు ఎక్కి అక్కడే నిలిచిందంటే చికిత్స పనిచేయలేదు, లేదా కొత్తగా మళ్ళీ సోకింది.

మూడు జాగ్రత్తలు. మొదటి టైటర్ ఇంజెక్షన్ వేసిన రోజుదే అయి ఉండాలి, రెండు వారాల కిందటి అంకె పనికిరాదు, ఈలోగా పెరిగి ఉండొచ్చు. ప్రతిసారీ అదే పరీక్ష, వీలైతే అదే ల్యాబ్. వీడీఆర్‌ఎల్ అంకెను ఆర్‌పీఆర్ అంకెతో పోల్చకూడదు, ఆర్‌పీఆర్ కాస్త ఎక్కువ చూపిస్తుంది. ఇక నయమైందో లేదో చూడ్డానికి టీపీహెచ్‌ఏ మళ్ళీ చేయించకండి, అది పాజిటివ్‌గానే వస్తుంది, ఊరికే టెన్షన్.

ఆరు నెలలకు ఒకసారి, ఏడాదికి ఒకసారి చేయించండి. హెచ్‌ఐవీ ఉంటే మూడు నెలలకోసారి ఏడాది పాటు, ఆపైన రెండో ఏడాది చివర. కొందరికి టైటర్ దిగి, 1:2 దగ్గరో 1:4 దగ్గరో ఆగిపోతుంది, ఎన్నేళ్ళైనా సున్నాకి రాదు. చికిత్స సరిగ్గా జరిగి, రెండు మెట్లు దిగి, కొత్త లక్షణాలు లేకపోతే దానికి మళ్ళీ మళ్ళీ ఇంజెక్షన్లు అక్కర్లేదు.

10. కాగితాలు దాచుకోండి

ఏ మందు, ఎంత మోతాదు, ఏ తేదీన ఇచ్చారో డాక్టరుతో ఒక కాగితం మీద రాయించుకోండి. దానికి మొదటి టైటర్, చివరి టైటర్ ఉన్న రిపోర్టులు జత చేసి ఫొటో కూడా తీసి పెట్టుకోండి. పదేళ్ళ తర్వాత ఏ ఆపరేషన్‌కో, గర్భం పరీక్షకో రక్తం ఇస్తే టీపీహెచ్‌ఏ మళ్ళీ పాజిటివ్ అని వస్తుంది. అక్కడున్న డాక్టరుకు మీరెవరో తెలియదు. ఆ కాగితం చూపిస్తే ఒక వీడీఆర్‌ఎల్ చేసి పాత అంకెతో పోల్చి పంపేస్తారు, లేకపోతే మూడు వారాల ఇంజెక్షన్లు మళ్ళీ మొదటి నుంచి.